అమ్మకానికి కాదని ముద్ర వేసిన ఫోను: వెస్టర్న్ ఎలక్ట్రిక్ 500

వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1950 ప్రాంతం నుంచి తయారుచేసిన మోడల్ 500 టెలిఫోను అమెరికాలో కోట్ల ఇళ్లలో మోగింది కానీ, తొలి పాతికేళ్లలో దాన్ని దుకాణంలో డబ్బిచ్చి సొంతం చేసుకున్న ఇల్లు దాదాపు లేదు. ఫోను, వెస్టర్న్ ఎలక్ట్రిక్‌కు సొంతదారైన బెల్ వ్యవస్థ అనే టెలిఫోను కంపెనీదే, ఇంట్లోవారు నెలనెలా అద్దె కట్టేవారు, ఇల్లు ఖాళీ చేస్తే ఫోను తిరిగి కంపెనీకి వెళ్లేది. నా దగ్గరున్న నల్ల ఫోను అడుగున ‘ఇది బెల్ వ్యవస్థ ఆస్తి, అమ్మకానికి కాదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. న్యూజెర్సీలో పాత సామాన్లు అమ్మే సంతలో దీన్ని కొని, చాలాకాలంగా రోజూ వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ ఫోను ఎంత బాగుంటుందో చెప్పాలంటే దీన్ని తయారుచేసిన గుత్తాధిపత్యం గురించి కూడా చెప్పక తప్పదు. ఎందుకంటే ఇందులోని మంచికీ, దీని చుట్టూ గీసిన గీతలకూ మూలం ఒక్కటే.

ముందు చేతికి తెలిసే సంగతులు. దీనికి రూపమిచ్చినవాడు హెన్రీ డ్రేఫస్. రిసీవరు బరువుగా ఉంటుంది, కానీ పిడికిట్లో చక్కగా ఇముడుతుంది. తలవంచి చెవికీ భుజానికీ మధ్య ఇరికించి రెండు చేతులతో పని చేసుకోవచ్చు. వెనకటి మోడళ్లలో అంకెలు డయలు చిల్లుల లోపల ఉండేవి, వేలు పెట్టగానే అంకె మరుగున పడేది. 500లో అంకెలనూ అక్షరాలనూ చిల్లుల వెలుపల, చుట్టూ పెద్దవిగా ముద్రించారు. అయితే ఈ మార్పు వల్ల నంబరు తిప్పే వేగం తగ్గిందని బెల్ ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు తేలింది. చిల్లులో చూపు నిలపడానికి ఏమీ లేకపోవడమే కారణమని గ్రహించిన జాన్ కార్లిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఒక్కో చిల్లు నడిమధ్యన తెల్లని చుక్క పెట్టమని సూచించాడు. దాంతో వేగం తిరిగి వచ్చింది. నా ఫోను మీద ఆ చుక్కలు నేటికీ చెదరలేదు. వేలు పెట్టి తిప్పి వదిలితే, లోపల వేగాన్ని నియంత్రించే గవర్నరు అనే చిన్న భాగం అదుపులో డయలు నిలకడగా వెనక్కి తిరుగుతూ సెకనుకు పది చొప్పున పల్సులు, అంటే కరెంటు క్షణకాలం తెగి కలిసే విరామాలు, పంపుతుంది. ఒకటికి ఒక పల్సు, సున్నాకు పది. 1947లో ఏరియా కోడ్‌లు కేటాయించినప్పుడు న్యూయార్క్‌కు 212 ఇవ్వడానికి కారణం కూడా ఇదే: ఎక్కువమంది పిలిచే ఊరికి తక్కువ పల్సుల అంకెలు.

రిసీవరు రెండు చివర్లా ఉన్న మూతలను చేత్తోనే తిప్పి విప్పవచ్చు. మాట్లాడే వైపు మూత తీస్తే గుండ్రని బిళ్ల ఒకటి అరచేతిలో పడుతుంది. దాని లోపల బొగ్గు రేణువులు ఉంటాయి. మన గొంతు ఒత్తిడికి ఆ రేణువులు దగ్గరవుతూ దూరమవుతూ విద్యుత్ ప్రవాహాన్ని మారుస్తాయి. మాట తీగ మీద ప్రయాణించేది అలాగే. చాలా ఏళ్లు వాడకుండా ఉన్న ఫోనులో రేణువులు గట్టిపడి గొంతు మందంగా వినిపిస్తుంది. రిసీవరును అరచేతిలో రెండు మూడుసార్లు తట్టితే రేణువులు విడివడి గొంతు తేటపడుతుంది. కొన్నప్పుడు నాకు ఈ చిట్కా చెప్పింది ఆ సంతలో అమ్మిన పెద్దాయనే.

ఇక పైకప్పు తీయాలంటే అడుగున ఉన్న రెండు స్క్రూలు వదులు చేస్తే చాలు. లోపల అంతా చోటే. ఒక పక్క వేర్వేరు శ్రుతులలో మోగే రెండు ఇత్తడి గంటలు, వాటి మధ్య చిన్న సుత్తి. మరో పక్క లోహపు డబ్బాలో మూసిన నెట్‌వర్కు అనే విద్యుత్ భాగాల కట్ట, దాని మీద స్క్రూలతో బిగించిన తీగలు. ఏ తీగ ఏ స్క్రూకు వెళ్లాలో గుర్తుగా అక్షరాలున్నాయి. ఎక్స్‌ఛేంజికి దగ్గరున్న ఇంట్లో గొంతు మరీ గట్టిగా, దూరపు ఇంట్లో మరీ నెమ్మదిగా వినిపించకుండా ఈ నెట్‌వర్కు తనంతట తాను సరిదిద్దుతుంది. అన్నిటికన్నా నన్ను ఆపింది తేదీలు. గంట మీద ఒక నెల, డయలు మీద మరొక సంవత్సరం, పైకప్పు లోపల ఇంకొకటి. పాత ఫోన్లు సేకరించేవారు తేదీలన్నీ కలిసిన ఫోనుకే విలువ ఎక్కువ కడతారు కానీ, నాకు ఈ కలవని తేదీలే ఇష్టం. ఈ ఫోను ఒక ఇంటి నుంచి తిరిగి వచ్చి, శుభ్రపడి, అరిగిన భాగం మారి, మెరుగు పెట్టించుకుని మరో ఇంటికి వెళ్లిందనడానికి అవే సాక్ష్యం.

దీని మన్నికకు కారణం ఇక్కడే ఉంది. ఫోను పాడైతే బాగుచేసే మనిషిని పంపాల్సింది కంపెనీయే, ఆ ఖర్చు కంపెనీదే. ఒకే ఫోను ఇరవై ముప్ఫై ఏళ్లు అద్దె తెచ్చిపెడితేనే లాభం. కాబట్టి చౌకగా చేసి త్వరగా పాడయ్యేలా చేయడంలో వారికి ఏ ప్రయోజనమూ లేదు. కింద పడినా పగలని పైకప్పు, విప్పడానికి వీలైన ప్రతి భాగం, లక్షల సార్లు తిరిగినా అరగని డయలు వారికి కావాలి. కొనేవాడికి అమ్మి చేతులు దులుపుకునే వ్యాపారంలో ఇలాంటి వస్తువు పుట్టడం కష్టమని ఈ ఫోనును విప్పిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది. ఇది గుత్తాధిపత్యానికి మెచ్చుకోలుగా వినిపిస్తే వినిపించనివ్వండి, ఈ ఒక్క విషయంలో మెచ్చుకోవాల్సిందే.

ఆ గుత్త ఎలా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు పేటెంటు దక్కింది 1876 మార్చి 7న. అప్పటికి అమెరికాలో కబురు పంపడం అంటే వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ కంపెనీయే; 1866లో ప్రత్యర్థులను కలిపేసుకుని అది దేశమంతటా అల్లుకుపోయింది. ఆ కంపెనీ టెలిఫోను వ్యాపారంలోకి కూడా దిగింది. బెల్ కంపెనీ పేటెంటు దావా వేయగా, 1879లో రాజీ కుదిరి, పేటెంటు గడువు ఉన్నంతకాలం అద్దెల్లో 20 శాతం వాటా తీసుకునే ఒప్పందంతో వెస్టర్న్ యూనియన్ టెలిఫోను నుంచి తప్పుకుంది. అంతటి టెలిగ్రాఫ్ సామ్రాజ్యం తనను మింగబోయే దానికి స్వయంగా దారి వదలడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. టెలిగ్రాఫ్ ఉండగా టెలిఫోను చిన్న ఊళ్లకు పరిమితమైన సరదాగా మిగులుతుందని ఆనాటి పెద్దలకు తోచి ఉండాలి.

1893, 1894 సంవత్సరాలలో బెల్ పేటెంట్ల గడువు తీరింది. ఆ వెంటనే వేలాది చిన్న కంపెనీలు పుట్టుకొచ్చాయి. బెల్ వారు లాభం లేదని వదిలేసిన పల్లెలలో రైతులు పొలాల ముళ్లకంచె తీగలనే ఫోను లైన్లుగా వాడుకున్నారు. ఇండియానాలోని లాపోర్ట్‌లో 1892లో మనిషి సాయం లేకుండా లైను కలిపే తొలి ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి మొదలైంది; దాన్ని కనిపెట్టిన ఆల్మన్ స్ట్రౌజర్ వృత్తిరీత్యా శవసంస్కారాలు చేసేవాడు. నా ఫోను మీదున్న డయలుకు పుట్టుక ఆ స్ట్రౌజర్ ఎక్స్‌ఛేంజిల్లోనే; తిప్పే డయలును వాటికోసమే తెచ్చారు, బెల్ కంపెనీ అయితే దాన్ని స్వీకరించడానికి రెండు దశాబ్దాల పైన తీసుకుంది. 1907 నాటికి దేశంలో సగానికి దగ్గరగా ఫోన్లు స్వతంత్ర కంపెనీల చేతిలో ఉన్నాయి. ఒక కంపెనీ ఫోను నుంచి మరో కంపెనీ ఫోనుకు లైను కలిసేది కాదు కాబట్టి, పెద్ద వర్తకులు బల్ల మీద రెండు ఫోన్లు పెట్టుకోవాల్సి వచ్చేది.

ఆ ఏడాదే థియోడర్ వేల్ బెల్ వ్యవస్థకు తల్లి కంపెనీ అయిన ఏటీ అండ్ టీ అధ్యక్షుడిగా తిరిగి వచ్చాడు. ‘ఒకే వ్యవస్థ, ఒకే విధానం, అందరికీ సేవ’ అన్నది ఆయన నినాదం. ఆయన పోటీని వృథా ఖర్చుగా చూశాడు. 1909లో కంపెనీ వెస్టర్న్ యూనియన్‌ను అదుపులోకి తెచ్చుకుంది. అంటే ముప్ఫై ఏళ్ల కింద రాజీపడిన పెద్ద కంపెనీ, అప్పటి చిన్న కంపెనీ గుప్పిట్లోకి వచ్చింది. ప్రభుత్వం కన్నెర్ర చేయడంతో 1913 డిసెంబరులో కంపెనీ ఉపాధ్యక్షుడు నేథన్ కింగ్స్‌బరీ ఒక ఉత్తరం రాశాడు: వెస్టర్న్ యూనియన్‌ను వదులుకుంటామని, పోటీ కంపెనీలను ఇష్టారాజ్యంగా కొనమని, స్వతంత్ర కంపెనీలను తమ దూరపు లైన్లకు కలుపుతామని. చూడటానికి ఇది వెనకడుగు. ఫలితం మాత్రం వేరుగా వచ్చింది: దూరపు లైన్లు బెల్ వారివి కాబట్టి అందరూ వారి మీదే ఆధారపడ్డారు, ప్రభుత్వం కూడా నియంత్రణలో ఉన్న ఒకే కంపెనీకి అలవాటు పడింది. 1934లో టెలిఫోను, రేడియోలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఏర్పడే సరికి ఆ అలవాటు చట్టమైంది. ఆ తరవాత యాభై ఏళ్లు దాదాపు ఐదింట నాలుగు ఫోన్లు బెల్ వ్యవస్థవే.

ఈ వ్యవస్థ చేసిన మేలును కాదనలేను. ఆ అద్దెల డబ్బుతోనే బెల్ ప్రయోగశాలలు 1947లో ట్రాన్సిస్టరును, 1948లో క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతాన్ని, 1969లో యూనిక్స్ అనే కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇచ్చాయి. న్యూజెర్సీలో ఆ ప్రయోగశాలల భవనాలున్న ముర్రే హిల్, హోమ్‌డెల్ దారిలో వెళ్లే మన తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులలో చాలామంది ఉపాధి, ఆ తలుపుల వెనక పుట్టిన పనుల మీదే నిలబడి ఉంది. పైగా, 1956 నాటి కోర్టు ఒప్పందం ఆ కంపెనీ తన పేటెంట్లను ఇతరులకు ఇవ్వాలని, కంప్యూటరు వ్యాపారంలోకి రాకూడదని షరతు పెట్టడం వల్లనే యూనిక్స్ విశ్వవిద్యాలయాల చేతికి తేలిగ్గా వచ్చింది.

మరి అడ్డుగోడల మాట? ఫోను మాది కాబట్టి దానికి మేము తప్ప ఇంకెవరూ ఏమీ తగిలించకూడదు, ఇదీ కంపెనీ నియమం. దీన్ని ఎంతవరకు లాగారో హష్-ఎ-ఫోన్ కథ చెబుతుంది. అది కరెంటు గానీ తీగ గానీ లేని ఒక దొప్ప. మాట్లాడే మూతికి తగిలిస్తే పక్కవారికి మన మాట వినిపించదు, గదిలోని గోల అవతలివారికి వెళ్లదు. ఈ దొప్ప మీద కంపెనీ పోరాటానికి దిగింది. 1955లో ఎఫ్‌సీసీ కంపెనీకే వత్తాసు పలికింది. 1956లో అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చి, ఇతరులకు హాని కలగనంతవరకు చందాదారుడు తన ఫోనును తనకు ఉపయోగపడే రీతిలో వాడుకోవచ్చని తేల్చింది. ఒక దొప్పకు అప్పీలు కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందంటే ఆ గుత్త బిగువు ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఇంట్లో రెండో ఫోను పెట్టుకుంటే అదనపు అద్దె. దొంగచాటుగా పెట్టుకున్నవారు దాని గంట తీగ విప్పేసేవారు, ఎందుకంటే లైను మీద ఎన్ని గంటలున్నాయో ఎక్స్‌ఛేంజి నుంచే కొలవవచ్చు. 1930లలో ఇదే కంపెనీ ప్రయోగశాలలో క్లారెన్స్ హిక్‌మన్ అయస్కాంత టేపు మీద సందేశాలు నమోదుచేసే యంత్రాన్ని తయారుచేశాడు. మాటలు నమోదవుతాయని తెలిస్తే జనం ఫోనులో మాట్లాడటం తగ్గిస్తారన్న భయంతో దాన్ని కంపెనీ బయటికి రానివ్వలేదు. మంచి ఫోను ఇచ్చిన చేయే మంచి ఆలోచనను మూసిపెట్టింది. నాకు ఈ వస్తువు మీద ఎంత ప్రేమ ఉన్నా, ఈ తప్పును తేలిగ్గా తీసుకోలేను.

గోడకు పెద్ద పగులు 1968లో వచ్చింది. టెక్సాస్‌లో థామస్ కార్టర్ అనే ఆయన, చమురు బావుల దగ్గరా పశువుల మేత భూములలోనూ పనిచేసేవారి రేడియోను ఫోనుతో కలిపే కార్టర్‌ఫోన్ అనే పెట్టె తయారుచేశాడు. రిసీవరును ఆ పెట్టె మీద పెడితే చాలు, తీగ కలపనక్కరలేదు. హాని చేయని పరికరాన్ని నిషేధించే అధికారం కంపెనీకి లేదని ఎఫ్‌సీసీ ఆ ఏడాది తీర్పు చెప్పింది. అయినా మధ్యలో తమ రక్షణ పరికరాన్ని అద్దెకు తీసుకోవాలని కంపెనీ మెలిక పెట్టింది. ప్రమాణాలకు తగిన ఏ పరికరాన్నైనా నేరుగా తగిలించే వెసులుబాటు 1970ల చివరికి గానీ స్థిరపడలేదు. ఆన్సరింగ్ మెషీన్, ఫ్యాక్స్, మోడెమ్ ఇళ్లలోకి నడిచి వచ్చిన దారి ఇదే. ఆ రోజుల మోడెమ్‌లకు రెండు రబ్బరు గిన్నెలు ఉండేవి, వాటిలో రిసీవరును బోర్లించేవారు; ఆ గిన్నెల కొలత ఈ 500 రిసీవరుకు సరిపోయేలా చేసినదే. అమ్మకానికి కాని ఈ ఫోనే కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి తొలి మూతి అయింది.

మరోవైపు ఎంసీఐ అనే చిన్న కంపెనీ షికాగో, సెయింట్ లూయిస్ మధ్య మైక్రోవేవ్ రేడియో లైనుకు 1969లో అనుమతి సంపాదించి దూరపు కాల్స్ మీద పోటీకి దిగింది. 1974లో ప్రభుత్వం బెల్ వ్యవస్థ మీద దావా వేసింది. 1982 జనవరి 8న రాజీ కుదిరి, జడ్జి హెరాల్డ్ గ్రీన్ పర్యవేక్షణలో 1984 జనవరి 1న పది లక్షల మంది ఉద్యోగులున్న ఆ వ్యవస్థ ముక్కలైంది: స్థానిక సేవలు ఏడు ప్రాంతీయ కంపెనీలకు, దూరపు లైన్లూ కర్మాగారమూ ప్రయోగశాలలూ పాత కంపెనీకి. ఆ ఏడింటిలో ఒకటైన సౌత్‌వెస్టర్న్ బెల్ పెరిగి పెద్దదై 2005లో తల్లి కంపెనీనే కొని దాని పేరు పెట్టుకుంది. మరొకటి ఇప్పుడు వెరైజన్. విడిపోయిన వెంటనే దుకాణాల్లోకి చవక ఫోన్లు వెల్లువెత్తాయి. తేలికైనవి, రంగురంగులవి, చాలావరకు త్వరగా పాడయ్యేవి. మరోపక్క దూరపు కాల్స్ ధర పడిపోయింది. అమెరికాలో స్థిరపడ్డ మన కుటుంబాలు ఇంటికి చేసే కాల్స్ నిడివి పెరగడానికి ఇది ఒక కారణమని ఆ రోజుల్లో వచ్చినవారు చెబుతారు.

మన దేశంలో కథ ప్రభుత్వ శాఖ చేతిలో నడిచింది. 1948లో బెంగళూరులో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ చేసిన నల్ల ఫోను కూడా డిపార్ట్‌మెంటుదే, చందాదారుడిది కాదు. కనెక్షనుకు ఏళ్ల తరబడి ఎదురుచూడటం, ఇంట్లో పిల్లలు ట్రంకు కాల్స్ చేయకుండా డయలుకు చిన్న తాళం వేయడం చూసిన తరం తెలుగు పాఠకులకు నేను చెబుతున్న బరువు వెంటనే తెలుస్తుంది. అక్కడ ఈ పట్టు వదలడం 1994 జాతీయ టెలికాం విధానంతో మొదలైంది. ఆ శాఖ సేవలు 2000 అక్టోబరు 1న బీఎస్‌ఎన్‌ఎల్‌గా మారాయి.

ఇప్పుడు వాడకం సంగతి. గొంతు విషయంలో ఈ ఫోను నన్ను నిరాశపరచలేదు. మనం మాట్లాడేది మన చెవిలోనే కొద్దిగా వినిపించేలా ఇందులో ఏర్పాటుంది. దానివల్ల గొంతు పెంచాల్సిన అవసరం రాదు. మొబైల్లో అరిచి మాట్లాడే పెద్దలు ఈ రిసీవరు పట్టుకుంటే తగ్గు గొంతుతో మాట్లాడటం గమనించాను. గంటసేపు మాట్లాడినా చెవి వేడెక్కదు. రెండు ఇత్తడి గంటలు కలిసి మోగే శబ్దం ఇల్లంతా వినిపిస్తుంది, అయినా చెవులకు గుచ్చుకోదు. అడుగునున్న చక్రం తిప్పి తగ్గించుకోవచ్చు.

ఇబ్బందులూ గట్టివే. పల్సులను నేటి ఇంటర్నెట్ ఫోను పెట్టెలు చాలావరకు అర్థం చేసుకోవు. మా ఇంటి కనెక్షను పెట్టె గంట మోగిస్తుంది, మాట వినిపిస్తుంది, కానీ నంబరు తిప్పితే ఊరుకుంటుంది. పల్సులను టోనులుగా మార్చే చిన్న పరికరం కొన్నాకే పని జరిగింది. బ్లూటూత్ ద్వారా మొబైల్‌కు కలిపే పెట్టెలు కూడా దొరుకుతాయి, పల్సులు స్వీకరిస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి. ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే బ్యాంకు మెనూలు డయలుతో కుదరవు. ఇక్కడినుంచి ఇండియాకు చేయాలంటే 011, 91, ఆపై పది అంకెలు: డయలు వెనక్కి తిరిగేదాకా ఆగుతూ తిప్పడానికి అర నిమిషం దాకా పడుతుంది. తొందరలో ఉన్నవారికి ఇది సరిపడదు. రాగి లైను ఉన్న రోజుల్లో ఎక్స్‌ఛేంజి నుంచే కరెంటు వచ్చేది కనుక ఇంట్లో కరెంటు పోయినా ఫోను పనిచేసేది. ఫైబరు లైన్లలో ఆ సౌకర్యం పోయింది, అది ఫోను తప్పు కాదు.

కొనదలచినవారు నలుపు రంగునే వెతకండి, అన్నిటికన్నా ఎక్కువగా, చవకగా దొరికేది అదే. గులాబీ, లేత నీలం రంగులకు సేకరించేవారి పోటీ ఉంటుంది. సున్నా దాకా తిప్పి వదిలినప్పుడు డయలు మధ్యలో ఆగకుండా ఒకే వేగంతో తిరిగి రావాలి. రిసీవరు మూతలు చేత్తో విడివడాలి. బిగుసుకుపోయి ఉంటే పట్టకారు పెట్టవద్దు, మూత చీలుతుంది. గోడకు కలిపే తీగ చివర నాలుగు పిన్నుల పాత ప్లగ్గు గానీ, విడి తీగలు గానీ ఉంటే మామూలు ఫోను ప్లగ్గు ఉన్న తీగ వేసుకోవచ్చు, లోపలి స్క్రూలకు బిగించడం పది నిమిషాల పని. ఆ పని చేసేటప్పుడు మాత్రం లైను తప్పకుండా తీసేయండి, గంట మోగే క్షణంలో ఆ తీగల్లో 90 వోల్టుల దాకా ఉంటుంది.